అవ్వకి పని దొరికింది

మాధవరం,
జూన్ నెల, ఆదివారం పొద్దున

ఉద్యోగస్తురాలు తాయారమ్మ గారికి,

నీ మొగుడూ, సొంత మేనమామా, పాల డైరీ సీసాలు కడిగే సెక్షన్లో రిటైరైనవాడూ అయిన గోవిందస్వామి రాసే జాబు. ఈడ ఎవురూ క్షేమం కాదు. నువ్వు క్షేమంగా ఉండావని విని ఇంకా ఒళ్ళు మండింది.

ఫోన్ చెయ్యకుండా ఈ కాలంలో జాబేందని నవ్వుతావు. నవ్వుకో. ఫోన్లో నువ్వు మాట్లాడితే వీధి చివర ఇస్త్రీ బండివాడికి వినపడతాది గానీ నాకు వినపడదు. అందుకే శ్యామ్ గాడి చేతికిచ్చి పంపిస్తా ఉండా. వాడికి భయపడే పనే లేదు. మన మనవడు నోటితో తెలుగు, చేత్తో తమిళం, కంప్యూటర్లో ఇంగ్లీషు. తెలుగు అచ్చరాలు చూపిస్తే "ఏంది తాతా, జాంగిరీలు చుట్టినావు" అంటాడు. వాడి మీద చాడీలు వాడి చేతే మోయించే భాగ్యం ఎంతమందికి ఉంటాది చెప్పు.

ఇప్పుడు నా కడుపుమంట చెప్తా. మన ఇంట్లో బి.ఇ. మెకానికల్ చదివినోడు రెండేండ్లుగా పనీ పాటా లేకుండా సుమ్మా కూర్చోని ఉండాడు. మన కొడుకు బాబు ఎన్నూరు హార్బర్ కాడ సరుకు లేక వారంలో సగం దినాలు లారీ కిందే చాప పరుచుకుంటా ఉండాడు. పని దొరికిందెవురికి? అయిదో క్లాసు తాయారుకి! పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ఏదో పెళ్ళిలో నీ వత్తకుళంబు పులుసు ఆ లలితాంబ నాలుక్కి తగిలింది. "మా లేడీస్ హాస్టల్లో వంటకి రామ్మా" అనింది. నువ్వు చీరలు సంచిలో కుక్కి మూడు బస్సులు మారి ఊరికి ఆ కొసకి పొయ్యి కూర్చున్నావు.

నేను "పోతే పో, మళ్ళా ఈ గడప తొక్కొద్దు" అన్నానని మొకం మాడ్చుకున్నావంట. నవ్వులాటకన్నా తల్లీ. నా మొకం నవ్వులాటకి సరిపొయ్యేట్టు దేవుడు చెయ్యలేదు, దానికి నేనేం చేసేది?

కోడలి రసం గురించి రాయను. రాస్తే కాయితం తడిసిపోతాది, అన్ని నీళ్ళు.

ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. పొయ్యేటప్పుడు నువ్వే అన్నావు, "శ్యామ్‌కి పని దొరికిన నెల నేను మళ్ళొచ్చేస్తా" అని. కోడలు సాక్షి. వాడికి పని ఎట్ట దొరకదో నేనూ చూస్తా.

రమ్మని రాసినానా లేదా అని రెండుసార్లు చదవొద్దు. రాయలేదు.

నీ మామ

*

నావలూరు,
అదే ఆదివారం సాయంత్రం

మామకి,

రెండుసార్లు చదవలేదు. ఒకసారికే సరిపోయింది.

నువ్వు అన్న మాట నవ్వులాటకో కాదో నాకు తెలుసు. నన్ను నీకిచ్చిన నాటి నుంచీ నీ మొకం చూస్తానే ఉండా. నువ్వు రమ్మని రాసేదాకా నేను ఆ గడప తొక్కను. నేనూ నవ్వులాటకే చెప్తా ఉండా.

ఈడ పిల్లలందరూ కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. పొద్దున ఇడ్లీ, రాత్రికి చపాతీ. నన్ను పాటీ అంటారు, తమిళంలో అవ్వ అని. మొదటి వారం కొలత తప్పింది, ఇంతమందికి ఉప్పు ఎట్ట వెయ్యాలా అని. స్టోర్ రూము చూసుకునే కుప్పుసామి అని ఒకాయన ఉండాడు, తిండివనం మనిషి. "ఇంట్లో వేసినట్టే వెయ్యమ్మా, కుండే పెద్దది, చెయ్యి అదే కదా" అన్నాడు. అప్పట్నుంచి కుదిరింది.

మన తెలుగు పిల్ల ఒకతె ఉండాది, నీహారిక, తెనాలి వైపు. దాని ఆఫీసులో ఒకే దినం ఒక వరసంతా పని నుంచి తీసేసినారంట. ఇప్పుడు పగలంతా హాస్టల్లోనే ఉంటాది. వాళ్ళమ్మకి చెప్పలేదు. మధ్యాన్నం వంటింటికొచ్చి నాకు చిక్కుడుకాయలు ఈనె తీసిస్తాది. "పాటీ, నీ పని ఎవురూ కంప్యూటర్‌కి ఇవ్వలేరు" అంటాది. కంప్యూటర్‌కి నాలుక లేదు కదమ్మా అన్నా.

శ్యామ్‌ని తిట్టొద్దు. పనులుండాయి మామా. పనికీ మనిషికీ నడాన మూడు బస్సులూ ఒక గౌరవమూ అడ్డం ఉండాయి, అంతే. నేను బస్సులెక్కినా. గౌరవం నాకు ముందే లేదు కదా.

నీ బి.పి. మాత్ర ఉప్పు డబ్బా వెనకాల ఉండాది.

తాయారు

*

మాధవరం,
జులై నెల

తాయారుకి,

ఆ కుప్పుసామికి మీసం ఉండాదా లేదా, అది రాయలేదే. స్టోర్ రూములో ఉండేవాడికి వంటలో ఉప్పు గురించి మాట్లాడే పనేంది? యాభై ఏండ్లు నీ చేతి కూడు తిన్నోణ్ణి నేను, "చెయ్యి అదే కదా" అని నాకెప్పుడూ తోచలేదు, వాడికి వచ్చిన దినమే తోచిందా? తిండివనం వాళ్ళు మాటకారులు, జాగర్త.

సరి, పని సంగతికి వస్తా. నీ మనవడి కోసం నేను ఊరు తిరగతా ఉండా. మోకాలు నొప్పిని చంకలో పెట్టుకొని వాణ్ణి జార్జి టౌన్‌కి ఈడ్చుకొని పొయినా. మన రామసామి ఉండాడే, మోటారు పంపుల అంగడి, వాడి కాడికి. మెకానికల్ అంటే మోటారే కదా అనుకున్నా. రామసామి వాడి సర్టిఫికెట్ చూసి లేచి నిలబడినాడు. "ఇంజినీరు నాకెందుకు పెద్దాయనా, రేపు మంచి పని దొరికితే పారిపోతాడు. నాకు పదో క్లాసు ఫెయిలైనోడు చాలు, వాడు ఏడికీ పోలేడు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక పెద్ద కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "ఎక్స్‌పీరియన్స్ ఉండాదా?" లేదంటే పెట్టేసినారు. పని చెయ్యకుండా అనుభవం ఎట్టొస్తాది, అనుభవం లేకుండా పని ఎట్టిస్తారు? పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. చిన్న పనికి వాడి చదువు ఎక్కువ, పెద్ద పనికి అదే చదువు తక్కువ. బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఒక జోకు చెప్పినా. నవ్వలేదు.

ఇప్పుడు వాడు గవర్నమెంటు పరీక్షకి చదవతా ఉండాడు. అందులో ఒక పాఠం పేరేందో తెలుసా? నిరుద్యోగం. పని లేనోడు పని కోసం పని లేకపోవడం గురించి బట్టీ కొడతా ఉండాడు! నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చదివి చెప్తాడు. పని లేకపోవడంలో కూడా జాతులుండాయంట. ఒక బస్సు దిగి ఇంకో బస్సు కోసం స్టాపులో నిలబడినట్టు, పనికీ పనికీ నడాన ఉండేవాళ్ళు ఒక జాతి. ఎదురింటి ముంజలబ్బాయి మాదిరి ఎండాకాలం పని, వానాకాలం పస్తు, అది ఒకటి. మన బాబు లారీ మాదిరి, దేశంలో యాపారం ఎత్తుకుంటే ఎక్కతాది, పడితే పడుకుంటాది, అది ఇంకొకటి. నా సీసాల సెక్షన్ కూడా ఉండాది ఆ పుస్తకంలో! ప్లాస్టిక్ ప్యాకెట్ వచ్చింది, సీసా పోయింది, సీసా కడిగే చేతికి విలువ పోయింది. ఆ పొద్దు నేనొక్కణ్ణే ఏడిస్తినని అనుకున్నా. దానికి ఇంగ్లీషులో పేరు పెట్టేంత మంది ఏడ్చినారంట.

నాకు బాగా నచ్చింది మాత్రం దాగి ఉండే రకం. ఒకడు చేసే పనికి నలుగురు నిలబడి ఉంటారంట. చూసేదానికి అందరూ పనిలోనే ఉంటారు. ముగ్గుర్ని తీసేసినా ఒక గింజ తగ్గదు. శ్యామ్ గాడు చెప్తా ఉంటే నాకు టక్కున కుప్పుసామి కళ్ళ ముందర నిలబడినాడు. నీకు ఉల్లిపాయలు అందించేదానికి ఒక మనిషా? అది పనా? లలితాంబకి చెప్పి వాణ్ణి తీసేసి ఆ చోటికి మన శ్యామ్‌ని వేసుకోమను. బి.ఇ. చదివినోడు, ఉల్లిపాయలు ఇంకా నిటారుగా అందిస్తాడు.

నీ మామ

*

నావలూరు,
జులై నెల, ఇంకో ఆదివారం

మామకి,

కుప్పుసామికి మీసం ఉండాది. తెల్లది. ఆయన భార్యకి పక్షవాతం, కూతురు చూసుకుంటాది. ఆయన్ని తీసేసి మనోణ్ణి వేస్తే ఊళ్ళో పని లేనోళ్ళు ఒకడు తగ్గుతాడా? పేరు మారతాది, అంతే. ఆ మాట నువ్వు నవ్వులాటకే రాసినావని అనుకుంటా ఉండా. లేకుంటే నీ మీద ఉండే మర్యాద పోతాది.

శ్యామ్ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటా ఉండాడు. ఆదివారం బిర్యానీ కోసమని నేననుకున్నా. గేటు కాడ బెంచీ మీద నీహారిక, వాడూ కూర్చోని అరచేతిలో వేలితో ఏదో రాసుకుంటా ఉంటారు. నేను పోతే ఆపేస్తారు. నువ్వేం కథలు అల్లొద్దు.

మామా, ఒక సంగతి చెప్తా, నవ్వకుండా చదువు. పోయిన వారం లలితాంబమ్మ బ్యాంకుకి పిల్చుకొని పోయింది, నా పేరుతో అక్కౌంటు తెరిచేదానికి. కౌంటర్లో చిన్న పిల్ల. "ఏం పని చేస్తారు పాటీ" అని అడిగింది. ఊహ తెలిసినప్పట్నుంచి పొయ్యి ముందరే ఉండా. ఎవురు అడిగినా "సుమ్మా ఇంట్లో ఉండా" అనే చెప్పినా. రేషను కార్డుకి అదే చెప్పినా, ఆస్పత్రిలో అదే చెప్పినా. ఆ పొద్దు "కుక్" అన్నా. ఆ పిల్ల తలెత్తకుండా రాసేసింది. ఏమీ ఆశ్చర్యపడలేదు. అదే నాకు బాగుండింది.

ఈడ నాకొక మంచం ఉండాది. ఫ్యాను బటను నా తల పక్కనే. చలేస్తా ఉండాదని ఎవురూ లేచి ఆపరు. పోయిన వారం నాకు జొరం వస్తే పిల్లలు బన్ను తెచ్చుకొని తిన్నారు, "పాటీ లేకుంటే ఏమీ బాగలేదు" అన్నారు. ఇంట్లో నాకు జొరమొస్తే నువ్వేమంటావు? "ఈ పొద్దు వంటేమీ లేదా?"

మాటిచ్చినా, వస్తా. వాడికి పని దొరికిన నెల వస్తా. కానీ నీకు తప్ప ఎవురికీ చెప్పుకోలేని పాపం ఒకటి ఉండాది. ప్రతి ఆదివారం వాడు గేటు కాడికొచ్చి "ఇంకా ఏం దొరకలేదవ్వా" అంటాడు. "అయ్యో నాయనా" అంటా. అది నోరు. లోపల ఒక మూల మాత్రం, ఇంకో వారం ఉండొచ్చు అనుకుంటాది. సొంత మనవడి గురించి ఇట్ట అనుకునే అవ్వని ఏడైనా చూసినావా? దేవుడి ముందర కూడా ఈ మాట అనలేదు. వాడు చదవలేడు కాబట్టి రాస్తా ఉండా.

తాయారు

*

మాధవరం,
ఆగస్టు నెల, ఆదివారం

కుక్ తాయారమ్మ గారికి,

ముందు నోరు తీపి చేసుకో. స్టోర్ రూములో చక్కెర ఉంటే కుప్పుసామిని ఒక చెంచా తూకం వేసియ్యమను.

పని దొరికింది! ఎన్నూరులో కంటెయినర్ యార్డ్, సూపర్‌వైజర్. మన బాబు లారీ నిలబెట్టే చోటే. బాబు ఎవురినో పట్టినాడు, శ్యామ్ ఇంటర్వ్యూకి పొయినాడు, వాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యకుండా తీసుకున్నారు. సెప్టెంబరు ఒకటో తేదీ సోమవారం చేరాల. కాంట్రాక్టే, ఏడాదికొకసారి తిరగరాస్తారంట. పోనీలే, మన పెళ్ళి కూడా అట్టే తిరగరాసి ఉంటే నువ్వు ఎప్పుడో పొయ్యుందువు.

వీధిలో అందరికీ చెప్పినా. ఇస్త్రీ బండివాడికి రెండుసార్లు చెప్పినా. అబ్బోడు మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్ల మాదిరి తల దించుకొని కూర్చున్నాడు. సంతోషమెక్కువైతే అట్టే ఉంటాది.

నీ పోయిన జాబు చదివినా. బ్యాంకు సంగతి బాగుండాది. మిగతాది చదవలేదనుకో. ఆడోళ్ళు పొయ్యి కాడ ఉడుకులో ఏదేదో అనుకుంటారు.

మాట మాటే కదా? నెలాఖరుకి చీరలు సర్దుకో. నీ మంచం ఆ తెనాలి పిల్లకిచ్చెయ్. ఈడ చాప ఉండాది, నీ చోటు ఉండాది. ఫ్యాను నేను ఆపను, కావాలంటే ఒట్టు వేస్తా, చలికాలం తప్ప.

కుప్పుసామి మీసానికి నా నమస్కారాలు.

గెలిచిన నీ మామ

*

నావలూరు,
అదే సాయంత్రం

మామకి,

శ్యామ్‌కి పాయసం చేసి పెట్టినా. వాడు సగం తిని గిన్నె నా చేతిలో పెట్టి "నువ్వు తినవ్వా" అన్నాడు.

లలితాంబమ్మకి చెప్పినా. వేరే మనిషిని వెతుకుతా ఉండాది. నెలాఖరు ఆదివారం బయల్దేరతా.

ఇంకేముండాది రాసేదానికి.

తాయారు

*

మాధవరం,
సెప్టెంబరు నెల

తాయారుకి,

నువ్వు రాలేదు. తప్పు నీది కాదు. శ్యామ్ శనివారమే నీకు ఫోన్ చేసి "అవ్వా, పని వాయిదా పడింది, బయల్దేరొద్దు" అన్నాడంటనే, నాకు ఇప్పుడు తెలిసింది.

పని వాయిదా పడలేదు. వాడే పోలేదు. సోమవారం పొద్దున బాబు లారీ స్టార్ట్ చేసి హారన్ కొడతా ఉండాడు, వీడు మిద్దె మీద గుడ్డలు ఆరేస్తా ఉండాడు. "రా రా, టైమైంది" అంటే "ఆ పని నాకొద్దు తాతా" అన్నాడు. ఎందుకురా? "వొద్దు." కాంట్రాక్టనా? "కాదు." దూరమా? "కాదు." జీతమా? "కాదు." మరేందిరా నాయనా? ఇంకో గుడ్డ తీసి దులిపినాడు. బాబు చెయ్యెత్తినాడు, కోడలు అడ్డం పడింది. నేను జోకు వేద్దామని నోరు తెరిచినా. రాలేదు. డెబ్బై నాలుగేండ్లలో మొదటిసారి.

వాడి పుస్తకంలో ఇంకో జాతి ఉండాది. పని ఎదురుగా నిలబడి పిలిస్తే కూడా పోకుండా ఉండేవాళ్ళు. ఇష్టపడి నిరుద్యోగం చేసేవాళ్ళు. అది సోమరులకి పెట్టిన పేరని నేననుకున్నా. కానీ వీడు సోమరి కాదు తాయారూ. ఇంట్లో నీళ్ళు వాడే పడతా ఉండాడు, నా కాళ్ళకి నూనె వాడే రాస్తా ఉండాడు.

కోపం చేసుకోవద్దు, అడగాల. నువ్వేమైనా చెప్పినావా వాడికి? నీకు ఆడ బాగుండాది. పాటీ పాటీ అంటారు. మంచం ఉండాది, మీసమోడు ఉండాడు. వాడికి పని దొరికితే నీకు పని పోతాది. నువ్వే రాసినావు కదా, ఇంకో వారం ఉండొచ్చు అనుకుంటానని. అనుకునే మనిషి ఒక మాట అనలేదా?

రాసేసినా. కొట్టివెయ్యను. కొట్టివేస్తే కింద ఏముందా అని నువ్వు వెలుతురుకి పెట్టి చూస్తావు.

గోవిందస్వామి

*

నావలూరు హాస్టల్ గేటు,
ఆదివారం

తాతకి, అవ్వకి, ఇద్దరికీ,

నేను శ్యామ్. ఇది నేనే రాస్తా ఉండా. తప్పులుంటే నవ్వొద్దు. తాత నవ్వుతాడు, పర్లేదు.

నాకు తెలుగు చదివేదానికి వచ్చింది. జూన్ నెలలో తాత జాబు మడత పెట్టి ఇస్తా గట్టిగా నవ్వినాడు. ఇందులో నా గురించే ఉండాదని అప్పుడే తెలిసింది. బస్సులో మూడు గంటలు అది నా జేబులో ఉంటాది, చదవలేను. ఎంత ఒళ్ళు మండతాది చెప్పండి. నీహారికని అడిగినా. తను జాబు చదవలేదు. "వేరేవాళ్ళ ఉత్తరం చదవడం తప్పండీ, కావాలంటే అక్షరాలు నేర్పిస్తా, తప్పు మీరే చేసుకోండి" అనింది. తనకీ పని లేదు, నాకూ పని లేదు. అరచేతిలో రాసి నేర్చుకున్నా. ఒత్తులు ఇంకా రావు సరిగ్గా. తాత చేతిరాత వచ్చిందంటే ఇంక ఏదైనా వస్తాది అనింది.

నేను పూర్తిగా చదివిన మొదటి జాబు అవ్వ జులైలో రాసింది. బ్యాంకు జాబు. తిరువాన్మియూరు దాటేసరికి చదివేసినా. బస్సు మారేదానికి కోయంబేడులో దిగాల, దిగలేదు. బస్సు డిపో దాకా పొయినా.

అవ్వా, నువ్వు పాపమని రాసినావు. నాకు అది పాపం మాదిరి కనపడలేదు. ఆదివారం నేను "ఇంకా దొరకలేదు" అంటే నీ మొకం ఎట్ట ఉంటాదో నాకు అంతకు ముందే తెలుసు. పని దొరకలేదనే మాట నేను చెప్తే సంతోషపడే మనిషి ఈ ఊరు మొత్తంలో నువ్వొక్కతివే. ఇంట్లో ఆ మాట చెప్పాలంటే చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడేవాణ్ణి.

తాతా, అవ్వ నాకేమీ చెప్పలేదు. ఒక్క మాట అనలేదు. నువ్వు అట్ట రాసినందుకే ఈ జాబు రాస్తా ఉండా, లేకుంటే చదవను వచ్చని ఎప్పుడూ చెప్పేవాణ్ణి కాదు. యార్డ్ పని నాకు ఇష్టమే. ఆ క్రేన్లు చూసినా, బాగుండాయి. కానీ నాకు పని వస్తే అవ్వకి పని పోతాదని మీరిద్దరూ ముడి వేసినారు. నాకు ఆ ముడి విప్పేదానికి రాలేదు, ఆడనే కూర్చున్నా.

నాకు టైఫాయిడ్ అని యార్డ్ మేనేజర్‌కి చెప్పినా. పదిహేనో తేదీ సోమవారం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత వేరేవాళ్ళని తీసుకుంటాడు.

శ్యామ్

*

నావలూరు,
అదే ఆదివారం, పొయ్యి మీద అన్నం పెట్టి

మామకి,

వాడు రాసింది చదివి గేటు కాడికి పరిగెత్తినా. చెయ్యెత్తినా కొట్టేదానికి. చేతికి పిండి ఉండాది, వాడి చెంపకి అంటింది. అంతే చెయ్యగలిగినా.

పిచ్చి ముండాకొడుకు, బి.ఇ. చదివి ఇదేనా నేర్చుకున్నది.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు వాడే చెప్పినాడు. నేను చెప్పను. యాభై ఏండ్లు నీ అన్నంలో రాయి రాకుండా ఏరినదాన్ని, మనవడి నోటి కాడ కూడు తీస్తానా అని నువ్వు అడిగినావు చూడు, అది మాత్రం నవ్వులాటకి అన్నానని రాయొద్దు. నమ్మను.

వాణ్ణి సోమవారం పనికి పంపు. నేనొచ్చేస్తా. చీరలు మడిచి పెట్టుకున్నా. నా మాట వల్ల బిడ్డ ఆగిపోకూడదు.

తాయారు

*

మాధవరం,
సెప్టెంబరు పదో తేదీ, బుధవారం

తాయారుకి,

ఈ జాబు తీసుకొనిపొయ్యేవాడు దీన్ని బస్సులోనే చదువుతాడు. ఒరే శ్యామ్, చదువుకో, కోయంబేడు వచ్చేలోగా ముగించి దాటిపోకుండా దిగు. తిరిగొచ్చేటప్పుడు గడప బయట నిలబడితే కాళ్ళు విరగ్గొడతా. పని ఉన్నా లేకున్నా చెప్పులు విడిచి లోపలికి రా.

తాయారూ, చీరలు మడిచినవి మళ్ళా విప్పు.

ఆ మాట అడిగినందుకు నా నాలుక మీద వాత పెట్టాల. కుప్పుసామి మీద నాకు కుళ్ళు లేదని రాద్దామని కూర్చున్నా. ఉండాది. మీసం తెల్లగా ఉన్నా ఉండాది. కానీ అసలు కుళ్ళు ఆయన మీద కాదు, నీ మీద. నేను రిటైరైనప్పట్నుంచి పొద్దున లేస్తే పొయ్యేదానికి నాకు టీ అంగడి తప్ప చోటు లేదు. ఆడ కూడా నేను లేకుంటే ఎవురూ "తాత రాలేదే" అని అడగరు, బెంచీ ఖాళీ అయిందని కూర్చుంటారు. నీకు జొరమొస్తే ఆడపిల్లలు బన్ను తిని దిగులుపడినారంట. నువ్వు రాసిన ఆ మాట నాకు నాలుగు దినాలు నిద్ర పట్టనియ్యలేదు. నిన్ను కావాలనుకునేవాళ్ళు నా కంటే ఎక్కువమంది అయిపొయినారే అని.

నిన్న రాత్రి శ్యామ్ ఆ పాఠం ఆఖర్న ఉండేది చదివి చెప్పినాడు. ఇంట్లో వండేవాళ్ళు ఆ లెక్కలోకే రారంట. పని ఉన్నోళ్ళలోనూ లేరు, పని లేనోళ్ళలోనూ లేరు. "మరి ఏడ ఉంటారురా" అన్నా. "పుస్తకంలో లేరు తాతా" అన్నాడు. నేను ఆ పుస్తకాన్ని తిట్టినా. తర్వాత నిద్ర రాలేదు. రేషను కార్డులో నీ పేరు పక్కన ఏమీ లేకుండా రాయించింది నేనే కదా.

అందుకని ముడి నేను విప్పేస్తా ఉండా. కోడల్ని సాక్షిగా పిలిచినా. తాయారు ఇచ్చిన మాట చెల్లదు. శ్యామ్ సోమవారం యార్డ్‌కి పోతాడు, నువ్వు సోమవారం ఇడ్లీ వేస్తావు. ఈ ఇంట్లో ఇంక పని లేనోణ్ణి నేనొక్కణ్ణే, నా జాతి పేరు పుస్తకంలో వెతకతా ఉండాడు వీడు.

ఒక సంగతి. నిన్న నేను రసం పెట్టినా. కోడలు ఒక గుటక తాగి, "మామయ్యా, నాదే నయం కదా" అనింది. ఇంట్లో అందరూ నవ్వినారు. శ్యామ్ గాడు కూడా. వాడి నవ్వు విని చాలా దినాలైంది, అందుకని ఆ రసం ఇంకో గిన్నెడు తాగినా.

లలితాంబని ఒక దినం సెలవు అడుగు. ఆ పూట కుప్పుసామిని వండమను, పిల్లలు తిని నీ విలువ తెలుసుకోనీ. ఆ తెనాలి పిల్లని కూడా పిల్చుకొని రా, వాళ్ళమ్మకి చెప్పుకోలేనిది ఈడ చెప్పుకోనీ. నా చేతిరాత చదివించిన గురువుకి వడలు పెట్టాల.

ఆదివారం రా.

సాయంత్రం నేనే బస్సెక్కిస్తా.

నీ మామ